ప్రకాశం గారి పేరు బ్యారేజీకి, దాహం మాత్రం ప్రకాశం జిల్లాకి

ఇది పెద్ద పోస్టు. సాయంత్రం పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక తీరిగ్గా చదవండి.

మొన్నామధ్య వెలిగొండ గురించి రెండు మాటలు రాస్తే మన వైపు వాళ్లే కొందరు ఒక మాటన్నారు. "ఆ మార్కాపురం, కనిగిరి నేలే అంత. వానా లేదు, భూమిలో సత్తువా లేదు. కృష్ణా డెల్టా అంటే దేవుడిచ్చిన నేల. దానికీ దీనికీ పోలికేంది?" అని. ఈ మాట మీద నాకు పేచీ ఉంది. అక్కడ వాన తక్కువన్నది నిజమే. కానీ డెల్టాని డెల్టా చేసింది వాన ఒక్కటే కాదు గదా, కాలువ. ఆ కాలువ ఎవరికి తవ్వాలి, ఎవరికి ఆపాలి అన్నది మనుషులు కాగితం మీద లెక్కలేసి తేల్చారు. ఏ సంవత్సరం ఏ లెక్క తేల్చారో వరసగా చెబుతా. చదివాక మీరే చెప్పండి, అది నేల తప్పో, లెక్క తప్పో.

మన గుంటూరు నుంచే మొదలుపెడదాం. 1832-33, నందన నామ సంవత్సరం. డొక్కల కరువు అని పెద్దోళ్లు చెప్పుకునేవాళ్లు. అప్పటి గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనం ఉంటే రెండు లక్షల మంది పోయారని లెక్క. ఇవాళ వరి, పసుపు, అరటి పండే తెనాలి, రేపల్లె వైపు కూడా ఆ రోజు వానకి మొహం చూసే నేలే. కృష్ణ పక్కనే పారుతున్నా ఆ నీళ్లు పొలానికి ఎక్కే దారి లేదు. అంటే దేవుడిచ్చిన నేల అంటున్న ఆ నేల మీదే జనం ఆకలితో రాలిపోయారు. ఇది ముందు గుర్తుపెట్టుకోండి.

తర్వాత కాటన్ దొర వచ్చాడు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852 కి పూర్తయింది. అదే ఏడాది బెజవాడ దగ్గర కృష్ణ మీద పని మొదలైంది. కెప్టెన్ ఓర్ దగ్గరుండి కట్టించాడు. 1855 కి ముగిసింది. అటు తూర్పు కాలువలు, ఇటు మన పడమటి కాలువలు. మన కొమ్మమూరు కాలువ దుగ్గిరాల నుంచి దిగి పెదగంజాం దాకా వచ్చింది ఆ ఆనకట్ట పుణ్యానే. ఇరవై ఏళ్ల కిందట శవాలు లేచిన నేల మీద వరి కుప్పలు లేచాయి. కాటన్ దొరకి ఊరూరా విగ్రహం పెట్టుకున్నామంటే ఊరికే పెట్టుకోలేదు.

మరి అదే దొరల ప్రభుత్వం దర్శి, పొదిలి, కంభం వైపు ఎందుకు చూడలేదు? అక్కడ కరువు లేకనా? కాదు. వాళ్ల లెక్క వేరు. పెట్టిన రూపాయికి శిస్తు, నీటి తీరువా రూపంలో ఎంత తిరిగొస్తుందన్నదే కొలబద్ద. సాగునీటి పనుల్ని వాళ్లు రెండు రకాలుగా రాసుకునేవాళ్లు. ఒకటి లాభం తెచ్చే పనులు, రెండోది కరువు నుంచి కాపాడే పనులు. డెల్టాలో నేల చదును, నది పొలం కంటే ఎత్తు, తవ్వితే చాలు నీళ్లు వాటంతటవే పారతాయి. ఖర్చు తక్కువ, రాబడి ఎక్కువ. మెట్టకి నీళ్లంటే కొండ తొలవాలి, రాయి పగలగొట్టాలి. కర్నూలు-కడప కాలువ ఒక ప్రైవేటు కంపెనీ తవ్వి నష్టాల్లో కూరుకుపోతే 1882 లో ప్రభుత్వమే కొనుక్కోవాల్సి వచ్చింది. దాంతో మెట్ట కాలువ అంటే దండగ అన్న మాట పై వాళ్ల బుర్రలో పాతుకుపోయింది.

దీనికి మన కళ్ల ముందే ఒక సాక్ష్యం ఉంది. 1876-78 ధాత కరువులో ఆకలితో వచ్చిన జనానికి కూలి పని చూపించటానికి బకింగ్‌హాం కాలువని తవ్వించారు. మన పెదగంజాం నుంచి దక్షిణంగా మద్రాసు దాటి పోయే కాలువ అదే. కరువు పడ్డ రైతు చేత కాలువ తవ్వించారు సరే, అందులో పారింది ఉప్పునీళ్లు. అది పడవలకి దారి, పొలానికి కాదు. సరుకు మద్రాసుకి పోయింది, మెట్ట రైతు వట్టి చేతులతో ఇంటికి పోయాడు.

ఇక 1937 కి రండి. ఆంధ్ర రాష్ట్రం కావాలని మనవాళ్లు అడుగుతున్న రోజులు. రాయలసీమ పెద్దలు, "మీతో కలిస్తే మీ డెల్టా వాళ్లే అన్నీ తీసుకుంటారు గదా, మా సంగతేంటి" అని అడిగారు. న్యాయమైన అనుమానమే. ఆ ఏడాది నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇంట్లో, శ్రీబాగ్‌లో కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నారు. కోస్తా జిల్లాలతో సమానం అయ్యేదాకా, పదేళ్లో అవసరమైతే ఇంకా ఎక్కువో, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో రాయలసీమకి, నెల్లూరు జిల్లాకి ముందు వరస ఇవ్వాలి అని అందులో ఉంది.

ఇక్కడ మీరు ఒక్క నిమిషం ఆగాలి. 1937 లో మార్కాపురం, కంభం కర్నూలు జిల్లాలో ఉన్నాయి, అంటే రాయలసీమ. దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉన్నాయి. అంటే ఇవాళ మనం పడమటి ప్రకాశం అంటున్న నేలంతా ఆ ఒడంబడిక కింద ముందు వరసలో ఉన్న నేలే. కాగితం మీద హక్కు పుట్టింది. ఆ హక్కు ఎట్లా మాయమైందో ముందు ముందు చెబుతా.

1953 లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. పుట్టింది మన నాగులుప్పలపాడు దగ్గర వినోదరాయునిపాలెంలో. 1952 లో బెజవాడ పాత ఆనకట్ట తెగింది. దాని బదులు కొత్త బ్యారేజీ 1957 కి లేచింది. దానికి పంతులు గారి పేరు పెట్టారు. దాని కింద ఇవాళ దాదాపు 13 లక్షల ఎకరాలు. తర్వాత ఆయన పుట్టిన జిల్లాకీ ఆయన పేరే పెట్టారు. ఒకే మనిషి పేరు రెండు చోట్ల. ఒకచోట గేట్లెత్తితే నీళ్లు సముద్రంలోకి పోతాయి, రెండోచోట ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెడతారు.

నాగార్జునసాగర్ మెట్టకోసమే కట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ గారు కాలువలకి నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద 11 లక్షల పైచిలుకు ఎకరాలు. నరసరావుపేట, వినుకొండ బాగుపడ్డాయంటే సాగర్ వల్లే. అద్దంకి, దర్శి, ఒంగోలు బ్రాంచి కాలువలు కూడా వచ్చాయి. కానీ కాలువ స్వభావం మీకు తెలియంది కాదు. తల దగ్గర ఉన్నవాడు ఆరుతడికి రాసిన భూమిలో వరి వేస్తాడు, తూము రాత్రిళ్లు ఎత్తుతాడు. చివర ఉన్నవాడు కాలువలో పిచ్చి మొక్కలు పీకుతూ కూర్చుంటాడు. సాగర్ కాలువకి చివర ఎవరున్నారు? మళ్లీ ప్రకాశం జిల్లాయే. గిద్దలూరు, కనిగిరి, మార్కాపురం వైపు ఎత్తు నేలకైతే ఆ చివరి నీళ్లు కూడా ఎక్కవు. వాళ్లకి మిగిలింది పాత చెరువులు, బోర్లు. కంభం చెరువు విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మ మీద కట్టింది. ఐదు వందల ఏళ్ల కిందటి ఆ చెరువే ఇవాళ్టికీ ఆ చుట్టుపక్కల పెద్ద దిక్కంటే, మధ్యలో ఇన్ని ప్రభుత్వాలు ఏం చేసినట్టు?

తర్వాత వచ్చింది అసలు ముడి. కృష్ణ నీళ్లు మహారాష్ట్ర, కర్ణాటక, మనం పంచుకోవటానికి బచావత్ గారి ట్రిబ్యునల్ కూర్చుంది. 1973 లో తీర్పు, 1976 లో తుది రూపం. మనకి 800 టీఎంసీలు, పైన కొంత తిరుగు నీళ్లు. ఆ తీర్పులో ఒక సూత్రం ఉంది. 1960 సెప్టెంబరు నాటికి ఎవరు ఎంత వాడుకుంటున్నారో ముందు దాన్ని కాపాడాలి అని. దాని ప్రకారం కృష్ణా డెల్టాకి 181.2 టీఎంసీలు గట్టిగా ఉండిపోయాయి. వినటానికి న్యాయంగానే ఉంటుంది. వాడుకుంటున్నవాడి నోటి కాడ ముద్ద లాగకూడదు గదా. కానీ రెండోవైపు నుంచి చూడండి. వందేళ్ల కిందట దొరలు శిస్తు లెక్కేసుకుని ఎవరికి కాలువ తవ్వారో వాళ్లకి ఇప్పుడు చట్టం హక్కు ఇచ్చింది. ఎవరికి తవ్వలేదో వాళ్లు ఏనాడూ వాడుకోలేదు కాబట్టి వాళ్లకి హక్కు పుట్టలేదు. ముందు ఇవ్వకపోవటమే తర్వాత ఇవ్వకపోవటానికి కారణం అయింది. ఇల్లు పంచేటప్పుడు పెద్దోడు ముందే మెయిన్ రోడ్డు వైపు ఉంటున్నాడు కాబట్టి ఆ వైపు వాడిదే, చిన్నోడు పశువుల పాకలో ఉంటున్నాడు కాబట్టి పాకే వాడి వాటా అన్నట్టు.

ఇక జిల్లా సంగతి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972 లో ప్రకాశం పేరు పెట్టారు. గుంటూరు జిల్లా దక్షిణపు చివర, నెల్లూరు జిల్లా ఉత్తరపు చివర, కర్నూలు జిల్లా తూర్పు చివర, ఈ మూడు చివర్లు కోసి ఒక జిల్లాగా కుట్టారు. కలెక్టరాఫీసులకి దూరమై వెనకబడిన తాలూకాలకి దగ్గరలో ఒక కేంద్రం ఉండాలనే ఆలోచన మంచిదే. మన వేటపాలెం, చీరాల కూడా అప్పుడే గుంటూరు నుంచి ఇటొచ్చాయి. కానీ ఇందులో ఎవరూ గమనించని దెబ్బ ఒకటి తగిలింది. ఆ రోజుతో మార్కాపురం, గిద్దలూరు రాయలసీమ కాకుండా పోయాయి. కనిగిరి, పొదిలి నెల్లూరు కాకుండా పోయాయి. అందరూ కోస్తా జిల్లా వాళ్లయ్యారు. శ్రీబాగ్ కాగితంలో ఉన్న ఊళ్లు ఒక్క జీవోతో శ్రీబాగ్ బయట పడ్డాయి.

దాని ఫలితం 44 ఏళ్లకి కనబడింది. 2014 లో రాష్ట్రం విడిపోయింది. అప్పటికి డెల్టా డబ్బు, ఢిల్లీ డబ్బు అన్నీ హైదరాబాదులో పోగుపడ్డాయి. పెద్ద ఆస్పత్రి, పెద్ద చదువు, పెద్ద ఫ్యాక్టరీ అన్నీ అక్కడే. ఒక్క ఊరినే కేంద్రం చేసుకుంటే ఏమవుతుందో ఆ రోజు డెల్టా వాళ్లకి కూడా తెలిసొచ్చింది. సరే, విభజన చట్టం 46వ సెక్షన్ కింద వెనకబడిన జిల్లాలకి ప్రత్యేక సాయం అన్నారు. ఉత్తరాంధ్ర మూడు, రాయలసీమ నాలుగు, మొత్తం ఏడు జిల్లాలకి ఏడాదికి జిల్లాకి 50 కోట్ల చొప్పున. ఇవ్వాల్సిందే, తక్కువే ఇచ్చారు కూడా. కానీ ఆ ఏడింట్లో ప్రకాశం లేదు. ఎందుకంటే మ్యాపులో అది కోస్తా. చీరాల బట్టల వ్యాపారం, ఒంగోలు గ్రానైటు, పొగాకు, రొయ్యల చెరువులు అన్నీ కలిపి సగటు తీస్తే పెద్దారవీడు, పుల్లలచెరువు ఆ సగటు కింద కనపడకుండా పోతాయి. మోకాలి లోతు సగటు ఉన్న చెరువులో మునిగి చచ్చినవాడి కథ మీరు వినే ఉంటారు.

2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు వచ్చాయి. చీరాల, పర్చూరు, అద్దంకి నియోజకవర్గాలు బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. అంటే కాలువ తగిలే అంచు ఊళ్లు తెగి ఇటొచ్చేశాయి, పడమటి మెట్ట అక్కడే ఉండిపోయింది. మన బోర్డుల మీద పేరు మారింది. అంతమాత్రాన మనకీ వాళ్లకీ సంబంధం తెగిందా?

తెగలేదని ఒక్క ఎద్దు కథ చెబుతా. ఒంగోలు గిత్త పేరు తెలియని రైతు ఉండడు. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే బ్రెజిల్ వాళ్లు పట్టుకెళ్లి పెంచుకున్న మన జాతిని ఇవాళ్టికీ "నెలోర్" అంటారు. ఆ దేశపు మాంసం వ్యాపారం దాని మీదే నిలబడింది. ఇది ఎద్దుకి ఒకవైపు. రెండోవైపు ఇది. 1930ల మొదట్లో దర్శి, పొదిలి వైపు రైతులు ఒక వింత గమనించారు. బయటినుంచి కొనుక్కొచ్చిన ఎడ్లు కొన్నాళ్లకి కీళ్లు బిగిసి కుంటటం మొదలుపెట్టేవి. బలమైన ఎడ్లు అరక కట్టలేకపోయేవి. నీళ్లలో ఏదో ఉందని అనుమానించింది ముందు రైతులే. 1937 లో డాక్టర్లు వచ్చి పరీక్ష చేస్తే మనుషుల ఎముకల్లోనూ అదే జబ్బు. ఫ్లోరైడ్. మనదేశంలో మనుషులకి ఫ్లోరోసిస్ ఉందని మొదట తేలింది ఆనాటి నెల్లూరు జిల్లాలోనే. శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నది కూడా ఆ 1937 లోనే. జబ్బు తెలుసు, మందు తెలుసు. మందు పేరు నది నీళ్లు. ఇన్ని దశాబ్దాలు గడిచినా కనిగిరి వైపు పళ్లు గారపట్టిన పిల్లలు, నడుం వంగిన పెద్దోళ్లు కనబడుతూనే ఉన్నారు.

నీళ్లు లేనిచోట ఇంకోటి కూడా జరుగుతుంది. డెల్టా రైతుకి ఒక పంట పోయినా కాలువ ఉంది, అప్పు ఇచ్చేవాడు ఉన్నాడు. మిగిలిన డబ్బుతో రైసు మిల్లు పెట్టాడు, పిల్లల్ని చదివించాడు, ఎకరం అమ్మి నిజామాబాదులో, గంగావతిలో, సింధనూరులో నాలుగైదు ఎకరాలు కొన్నాడు. కష్టపడ్డాడు, కాదనను. కానీ ఆ కష్టానికి కాలువ పెట్టుబడి అయింది. మెట్ట రైతు అంతే కష్టపడి బోరు వేశాడు, పత్తి వేశాడు. 1987-88 లో తెల్లదోమ పత్తిని ముంచినప్పుడు మన రెండు జిల్లాల్లో పురుగు మందు తాగిన రైతుల వార్తలు దేశమంతా పాకాయి. ఇవాళ మన మిరప కోతకి ఎవరొస్తున్నారో చూడండి. కర్నూలు పడమటి వైపు, కోసిగి, మంత్రాలయం నుంచి ఊళ్లకి ఊళ్లే తాళాలేసుకుని వస్తాయి. దాన్ని వాళ్లు సుగ్గి అంటారు. వాళ్లలో సొంత భూమి ఉన్నవాళ్లు, మనకంటే ఎక్కువ ఎకరాలు ఉన్నవాళ్లు కూడా ఉంటారు. చదువుకోవాల్సిన పిల్లలు మన చేల గట్ల మీద ఆడుకుంటుంటారు. తుంగభద్ర వాళ్ల పక్కనే పారుతుంది. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? 1832 లో కృష్ణ కూడా మన పక్కనే పారింది.

ఇది మన ఒక్క రాష్ట్రం జబ్బు కాదు. బీహారు సంగతి తీసుకోండి. బొగ్గు, ఇనుము వాళ్ల నేలలో (ఇప్పుడది జార్ఖండ్). 1952 నుంచి 1993 దాకా ఢిల్లీ ప్రభుత్వం రైలు కిరాయి సర్దుబాటు చేసి దేశంలో ఎక్కడైనా అవి ఒకే ధరకి దొరికేట్టు చేసింది. దాంతో ఫ్యాక్టరీ పెట్టేవాడు గని దగ్గరికి పోవాల్సిన పని లేకపోయింది, రేవు ఉన్న బొంబాయి, మద్రాసు వైపు పెట్టుకున్నాడు. గని ఉన్నోడు కూలికి వలస పోయాడు. అక్కడా నేలని తప్పు పట్టారు, జనాన్ని తప్పు పట్టారు. లెక్కని ఎవరూ తప్పు పట్టలేదు.

ఇప్పుడు వెలిగొండ. 1996 మార్చి 5న శంకుస్థాపన. మార్కాపురం వైపు నీళ్ల కోసం పోరాడిన పూల సుబ్బయ్య గారి పేరు పెట్టారు. శ్రీశైలం వెనక నీళ్లలోంచి నల్లమల కొండ తొలిచి రెండు సొరంగాలు, ఒక్కోటి 18.8 కిలోమీటర్లు. వరద రోజుల్లో 43.5 టీఎంసీలు తెచ్చి నల్లమలసాగర్‌లో నింపాలి. 4.47 లక్షల ఎకరాలకి సాగునీరు, 15 లక్షల మందికి తాగునీరు, 30 మండలాలకి. మొదటి సొరంగం 2021 లో, రెండోది 2024 లో తొలవటం అయింది. 2024 మార్చిలో జాతికి అంకితం కూడా చేశారు. కానీ రైతుకి సొరంగంతో పనేముంది? పొలం దగ్గర పిల్లకాలువ కావాలి. ముంపు ఊళ్ల వాళ్లకి డబ్బు, ఇల్లు ముట్టకుండా జలాశయం నింపలేరు. బెజవాడ ఆనకట్టకి పట్టింది మూడేళ్లు. దీనికి ఒక తరం పోయింది. పార్టీ ఏదైనా కానివ్వండి, ప్రతి ప్రభుత్వం కొంత తవ్వింది, ప్రతి ప్రభుత్వం కొంత ఆపింది. నేను ఎవరి జెండా మోయటం లేదు.

కొందరు సోదరులు అడుగుతారు, "వాళ్లకి పైన మళ్లిస్తే మన కొమ్మమూరుకి నీళ్లు తగ్గవా?" అని. అడగాల్సిన ప్రశ్నే. జవాబు దాచను. వెలిగొండకి రాసింది వరద నీళ్లు, మన డెల్టా వాటా వేరు. వరద వచ్చిన ఏడు ప్రకాశం బ్యారేజీ నుంచి వందల టీఎంసీలు సముద్రంలో కలుస్తున్నాయి. అందులో 43 పోతే మనకి వచ్చే నష్టం లేదు. వాన లేని ఏడు మాత్రం అందరికీ ఇబ్బందే, ఆ ఏడు వాళ్లకీ రావు. పైగా వాళ్ల హక్కు మనదంత గట్టిది కాదు. బచావత్ తీర్పు మిగులు నీళ్లు వాడుకోనిచ్చింది గానీ హక్కు రాసివ్వలేదు. విభజన చట్టంలో వెలిగొండ పేరు ఉంది కాబట్టి ఆ మాత్రం నిలబడింది.

ఇంకో సంగతి. మనం డెల్టా అనుకుంటున్నాం గదా, డెల్టాలో మనమెక్కడ? చిట్టచివర. పైన నాట్లయిపోయాక మనకి తడి వస్తుంది. పైన మురుగు వదిలితే రొంపేరు పొంగి మన చేలు మునుగుతాయి. నీళ్లు కావాల్సినప్పుడు ఆఖరు, వద్దన్నప్పుడు ముందు. కాలువ చివర ఉన్నవాడి బాధ మనకంటే ఎవరికి బాగా తెలుసు? నాకున్న రెండెకరాలు చివరి తూము కిందే. అందుకే అంటున్నా, ఈ విషయంలో మనం తెనాలి పక్కన నిలబడాల్సినోళ్లం కాదు, కనిగిరి పక్కన నిలబడాల్సినోళ్లం.

నేను మిమ్మల్ని అడిగేది మూడే. ఒకటి, వెనకబాటుతనాన్ని జిల్లా సగటుతో కాకుండా మండలం లెక్కన తీయమని గ్రామసభలో తీర్మానం పెట్టించండి. జిల్లా పేరు ఎన్నిసార్లు మార్చినా మండలం దాహం మారదు. రెండు, నీటి సంఘం మీటింగుకి పోండి. 1997 చట్టం మనకి ఇచ్చిన కుర్చీ అది, ఖాళీగా వదిలేస్తే తల దగ్గర ఉన్నవాడు కూర్చుంటాడు. మూడు, వెలిగొండ పిల్లకాలువల గురించి పడమటి రైతులు ఒంగోల్లో ధర్నాకి కూర్చుంటే "అది వాళ్ల గొడవ" అనకండి. ఒక పూట పోయి పక్కన కూర్చోండి.

మన ఊళ్లో సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది. పాత పత్రికలు కట్టలు కట్టి దాచారు. చదువుకున్న పిల్లలు ఖాళీ ఉన్నప్పుడు పోయి శ్రీబాగ్ నాటి సంగతులు వెతికి చదవండి, ఇంట్లో పెద్దోళ్లకి చదివి వినిపించండి. ఏ కాగితం మీద ఏం రాశారో మనకి తెలిస్తే, రేపు కొత్త కాగితం రాసేటప్పుడు మన ముందు నోరు తెరవటానికి జంకుతారు.

మీ మండలంలో కాలువ చివరి భూములకి ఈ ఏడు ఎన్ని తడులు అందాయో కింద రాయండి. లెక్క మనమే కడదాం.